కికైడర్ రీబూట్ (2014): అన్నీ కొత్తగా ఉన్నాయి, ఆ నొప్పి ఏమైంది?

సగంఎరుపు_సగంనీలం:
ఎట్టకేలకు సబ్‌టైటిల్స్ ఉన్న డిస్క్ చేతికొచ్చింది, చూసేశాను. పాత జపాన్ రోబో హీరో సీరియల్ ‘కికైడర్’ని తోయే, కడొకావా కంపెనీలు కలిసి కొత్తగా తీసిన సినిమా. 2014 మే 24న జపాన్‌లో విడుదలైంది. దర్శకుడు తెన్ షిమోయామా. హీరో రోబో జిరోగా జింగి ఇరియే, వాణ్ణి చేసిన శాస్త్రవేత్త కూతురు మిత్సుకోగా ఐమి సత్సుకావా వేశారు. నిడివి గంటా యాభై నిమిషాలు.

పాత సీరియల్ తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. 1972 జులై నుంచి 1973 మే దాకా ఎన్‌ఈటీ ఛానల్లో, అంటే ఇప్పటి టీవీ అసాహీలో, 43 ఎపిసోడ్లు వచ్చింది. సృష్టికర్త షోతారో ఇషినోమోరి. అంతకు ముందు ఏడాదే కామెన్ రైడర్ అనే ముసుగు హీరోని తెరమీదికి తెచ్చిన మనిషి. కథలో డాక్టర్ కోమ్యోజి అనే శాస్త్రవేత్తను ‘డార్క్’ అనే ముఠా పట్టుకుని తమ కోసం విధ్వంసపు రోబోలు చేయిస్తుంటుంది. ఆయన దొంగచాటుగా ఒక్క రోబోలో మాత్రం మనస్సాక్షి సర్క్యూట్ పెడతాడు. అది పూర్తయ్యే లోపే అంతా తలకిందులవుతుంది. అలా అరకొర మనస్సాక్షితో లోకంలోకి వచ్చి పడ్డవాడు జిరో. భుజాల దగ్గర స్విచ్చులు నొక్కుకుని ‘చేంజ్, స్విచ్ ఆన్, వన్ టూ త్రీ’ అంటే సగం ఎరుపు, సగం నీలం కికైడర్ అవుతాడు.

ఇక సినిమా. ఫైట్లు బాగున్నాయి. సూట్ డిజైన్ బాగుంది, లోహం లోహంలాగే కనిపిస్తుంది. మిత్సుకో పాత్ర పాత సీరియల్లో కంటే ఎక్కువ మనిషిలా ఉంది. ఏదీ బాగాలేదని చెప్పడానికి లేదు. అయినా సినిమా అయిపోయాక ఏదో వెలితి. పాత సీరియల్లో డార్క్ ముఠా నాయకుడు, ముసలి ప్రొఫెసర్ గిల్, రోబోల్ని లొంగదీసే ఫ్లూట్ ఊదితే జిరో చెవులు మూసుకుని నేల మీద దొర్లేవాడు కదా, ఆ దొర్లడం మన ఒంటికి తగిలేది. ఇందులో జిరో దెబ్బలు తింటాడు, విరిగిపోతాడు, పొగలు కక్కుతాడు. ఒంటికి మాత్రం తగల్లేదు. నాకొక్కడికేనా ఇలా అనిపించింది?

రేకుడబ్బా:
వయసైపోయింది గురువుగారూ. ఒంటికి ఏదీ తగలదు ఇక.

దూరదర్శన్_దాసు:
కికైడర్ మన దగ్గర రాలేదు గానీ, మా తరం వాళ్ళకి జపాన్ రోబో అంటే దూరదర్శన్‌లో వచ్చిన జెయింట్ రోబోటే. పిల్లాడు చేతి గడియారంలో మాట్లాడితే కొండంత రోబో ఎగిరొచ్చేది. అదీ తోయే వాళ్ళదే, 1967లో మొదలైన సీరియల్. మిత్సుతెరు యోకొయామా కథ. చివరి ఎపిసోడ్‌లో ఆ రోబో పిల్లాడి మాట కూడా వినకుండా శత్రువుని పట్టుకుని ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. అప్పటిదాకా చెప్పింది చెప్పినట్టు చేసిన యంత్రం మొదటిసారి సొంతంగా ఒక పని చేసింది. అది చూసి మా వీధిలో పిల్లలందరం ఏడ్చాం, మా అన్నయ్య ఏడవలేదని ఇప్పటికీ బుకాయిస్తాడు.

సగంఎరుపు గారు చెప్పే ‘తగలడం’ అదే అనుకుంటా. పాత వాటిలో తీగలు కనిపించేవి, సూట్ మోకాళ్ళ దగ్గర ముడతలు పడేవి. అయినా అందులో ఒక ప్రాణి ఉందని నమ్మేసేవాళ్ళం.

జెటిక్స్_బ్యాచ్:
నేను రివర్స్‌లో వచ్చాను. నాకు జపాన్ హీరోలంటే జెటిక్స్ ఛానల్లో చూసిన ర్యూకెండో. తర్వాత కామెన్ రైడర్ గైమ్ సీరియల్ చూస్తుంటే 30వ ఎపిసోడ్‌లో ఉన్నట్టుండి ఎరుపు నీలం రోబో ఒకడు ఊడిపడ్డాడు. ఎవడ్రా వీడు అని వెతికితే ఈ సినిమా ప్రచారం కోసం పెట్టిన ఎపిసోడ్ అని తెలిసింది. సినిమా విడుదలకి సరిగ్గా ఆరు రోజుల ముందు ప్రసారమైంది. అలా సినిమా చూశాను. నాకు నచ్చింది. పాతది రెండు మూడు ఎపిసోడ్లు చూసి వదిలేశాను, మన్నించండి. ప్రతి వారం ఒక రంగు, ఒక జంతువు. బూడిద ఖడ్గమృగం, ఆకుపచ్చ గొల్లభామ, నారింజ చీమ. జూ పార్క్‌కి పెయింట్ వేసినట్టుంది.

కామిక్స్_కామేశ్వరి:
తమ్ముడూ, ఆ జూ పార్క్ వెనక లెక్క ఉంది. ఆ సీరియల్ శనివారం రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. అదే టైమ్‌కి టీబీఎస్ ఛానల్లో డ్రిఫ్టర్స్ వాళ్ళ కామెడీ షో. జపాన్ మొత్తం దాని ముందే కూర్చునేది. దాన్ని ఢీకొట్టడానికి ఎన్‌ఈటీ వాళ్ళు ముందు కికైడర్, వెంటనే డెవిల్‌మ్యాన్ వేసి, ఆ గంటంతా రూపాలు మార్చే హీరోలతో నింపేశారు. అలాంటి పోటీలో ఛానల్ తిప్పే పిల్లాడిని రెండు సెకన్లలో ఆపాలంటే నారింజ రంగు చీమే కావాలి.

అసలు విషయానికొస్తాను. వెలితి ఎక్కడుందో నాకు తెలుసు. హకైడర్ తలలో ఉంది.

పాత సీరియల్ 37వ ఎపిసోడ్ దగ్గర హకైడర్ వస్తాడు. ఒళ్ళంతా నలుపు. కికైడర్‌ని నాశనం చేయడం తప్ప ఇంకో పని లేకుండా గిల్ చేయించిన రోబో. వాడి తలలో ఉన్న మెదడు ఎవరిది? డాక్టర్ కోమ్యోజిది. తనను తయారుచేసిన తండ్రి మెదడు శత్రువు తలలో కూర్చుని ఉంది. జిరో కొడితే తండ్రి పోతాడు, కొట్టకపోతే తను పోతాడు. మిత్సుకో, ఆమె తమ్ముడు మసారు పక్కనే ఉండి చూస్తుంటారు. జిరో దెబ్బ ఎత్తి మధ్యలో ఆపేసే ఆ క్షణం కోసమే ముప్పై ఆరు ఎపిసోడ్లు నడిచినట్టు ఉంటుంది.

సినిమాలో కోమ్యోజి ముందే చనిపోయాడు. హకైడర్‌లోకి వెళ్ళేది విలన్ గిల్బర్ట్ సొంత మెదడు. అయిపోయింది. ఇక కొట్టడానికి మొహమాటం ఎందుకు?

నిర్వాహకుడు:
పతాక సన్నివేశం వివరాలు రాసేవాళ్ళు పైన ‘కథ గుట్టు’ అని పెట్టండి. కామేశ్వరి గారూ, ఇప్పటికి వదిలేస్తున్నాను.

కామిక్స్_కామేశ్వరి:
యాభై ఏళ్ళ నాటి ట్విస్ట్‌కి కూడా గుట్టా! సరే సార్.

సైడ్‌కార్_సుబ్బు:
కామేశ్వరి గారికి చిన్న అభ్యంతరం. హకైడర్‌లో విలన్ మెదడు పెట్టడం సినిమా వాళ్ళ కనిపెట్టుడేమీ కాదు. 1973 మేలో పాత సీరియల్ అయిపోయిన వారానికే ‘కికైడర్ 01’ మొదలైంది. అందులో చచ్చిపోయిన ప్రొఫెసర్ గిల్ మెదడునే హకైడర్‌లో పెట్టి, వాడిని హకైడర్ల ముఠాకి నాయకుణ్ణి చేశారు. అంటే సినిమా రెండు సీరియళ్ళనీ కలిపి వండింది. గిల్ అన్న పేరుని గిల్బర్ట్ చేసి, 01లో జరిగింది ముందుకి లాక్కొచ్చారు. మేరీ జున్ తకహాషి వేసిన మారి పాత్ర కూడా 01 నుంచి వచ్చిందే. అక్కడ మారి అంటే బిజిండర్ అనే ఆడ రోబో, ఎత్సుకో షిహోమి వేసింది.

కాబట్టి ‘అసలుని పాడుచేశారు’ అనడం కుదరదు. అసలు వాళ్ళే ముందు ఆ పని చేశారు.

కామిక్స్_కామేశ్వరి:
సుబ్బు గారూ, బాగా పట్టారు. అయితే మీరే చెప్పండి, 01లో హకైడర్ ఏమయ్యాడు? ప్రతి వారం పన్నాగం పన్ని ప్రతి వారం ఓడిపోయే ముఠా మేస్త్రీ అయ్యాడు. మొదటి సీరియల్లో వాడికున్న పొగరు, ఒంటరితనం అన్నీ పోయాయి. విలన్ మెదడు పెట్టగానే హకైడర్ పల్చబడతాడని 1973లోనే రుజువైంది. 2014లో మళ్ళీ అదే చేశారు.

సగంఎరుపు_సగంనీలం:
ఇద్దరికీ దండాలు. నేను చెప్పలేకపోయింది ఇదే.

ఇంకోటి కలుపుతాను. మొదటి సీరియల్లో హకైడర్ ఎలా పోతాడో గుర్తుందా? కికైడర్‌ని ఇంకో డార్క్ రోబో ముక్కలు చేసేస్తుంది. అది తెలిసి హకైడర్‌కి పిచ్చెక్కుతుంది. తను పుట్టిందే ఆ ఒక్క పని కోసం, ఆ పని ఎవడో చేసేశాడు. ఇక తనెందుకు? తిరిగి గిల్ మీదే పడతాడు. ఈలోపు మిత్సుకో జిరోని బాగుచేస్తుంది. ఆఖరికి హకైడర్ చచ్చేది మరో రోబో చేతిలో. కికైడర్ చేతిలో చావలేదన్న బాధతో పోతాడు. పిల్లల సీరియల్లో విలన్‌కి అలాంటి చావు! జీవితం మొత్తం ఒకే పరీక్షకి చదివి, అది రద్దయిందని విన్న కుర్రాడిలా ఉంటాడు ఆ రెండు ఎపిసోడ్లలో.

అందుకే వాడి పేరుతో విడిగా సినిమా వచ్చింది, 1995లో, కెయితా అమెమియా దర్శకత్వంలో. అది చూస్తే కికైడర్ ఊసే ఉండదు. విలన్‌కి అంత బలగం ఉంది.

రేకుడబ్బా:
పొగుడుతున్నారు గానీ పాత సీరియల్లో నవ్వొచ్చే విషయం ఒకటి మర్చిపోయారు. కోమ్యోజి డాక్టర్ మతి పోయి ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటాడు. ప్రతి ఎపిసోడ్‌లో ఎక్కడో ఒకచోట ఏదో కొత్త పనిలో దొరుకుతాడు. పిల్లలు ఆ ఊరికే వస్తారు. ఆయన ఈ గుమ్మంలోంచి బయటికి, వాళ్ళు ఆ గుమ్మంలోంచి లోపలికి. మన సాయంత్రం సీరియళ్ళు ఇంతకంటే ఏం చేశాయి చెప్పండి! పైగా హాన్‌పెయి అనే డిటెక్టివ్ ఒకడు, తను పెద్ద నింజా వంశస్థుడినని చెప్పుకుని తిరుగుతాడు, పని మాత్రం సున్నా.

దూరదర్శన్_దాసు:
హాన్‌పెయి సినిమాలోనూ ఉన్నాడు కదా? ఎవరు వేశారు?

సైడ్‌కార్_సుబ్బు:
ర్యూజి హరదా. ఈసారి కోతి చేష్టలు తగ్గించారు. కోమ్యోజిగా కజుషిగే నగాషిమా, ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు. గిల్బర్ట్‌గా షింగో త్సురుమి. అన్నిటికంటే పెద్ద కానుక, పాత జిరో దైసుకే బాన్ ఒక చిన్న వేషంలో కనిపించడం.

జెటిక్స్_బ్యాచ్:
ఆయన్ని ఎక్కడో చూసినట్టుందే అనుకున్నా.

సైడ్‌కార్_సుబ్బు:
చూసే ఉంటావ్. 1998 నాటి దెయ్యం సినిమా ‘రింగు’లో బావి దగ్గర ఆ అమ్మాయి తండ్రి, డాక్టర్ ఇకుమా. ఆయనే.

జెటిక్స్_బ్యాచ్:
అమ్మో! మనస్సాక్షి ఉన్న రోబో వెళ్ళి కూతుర్ని బావిలో తోశాడా!!

మౌనిక_హోనలులు:
హవాయి నుంచి నమస్కారం. ఈ చర్చ చూసి ఆగలేక ఖాతా తెరిచాను.

మీకు వింతగా ఉండొచ్చు గానీ, జపాన్ బయట కికైడర్‌ని నెత్తిన పెట్టుకున్న చోటు ఇదే. 1974లో ఇక్కడి కికు టీవీలో జపనీస్ మాటలతోనే, కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో వేశారు. మా ఆఫీసులో యాభై దాటినవాళ్ళు చాలామంది ‘నేను గబగబా చదవడం నేర్చుకుంది దాని వల్లే’ అంటారు. 2000 దాటాక మళ్ళీ ప్రసారం చేస్తే ఆ పిల్లలే తల్లిదండ్రులై వచ్చి పిల్లలతో కూర్చున్నారు. 2002లో గవర్నర్ ఏకంగా ఒక రోజుని కికైడర్ అభిమానుల దినంగా ప్రకటించారు. దైసుకే బాన్ గారు ఇక్కడికి వస్తే సొంత ఊరి మనిషి వచ్చినట్టే చూస్తారు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన, మా ఆఫీసులో లెక్కలు చూసేవాడు, ఎవరైనా ఫైలు ఆలస్యం చేస్తే రెండు భుజాలు తట్టుకుని ‘స్విచ్ ఆన్’ అనేవాడు. నాకు అర్థం కాక నవ్వి ఊరుకునేదాన్ని. తర్వాత ఆయనే డీవీడీలు తెచ్చిచ్చాడు. కొత్త సినిమా గురించి అడిగితే ఆయన ఒక్కటే అన్నాడు, ‘తలలో లైటు వెలిగిందా లేదా చెప్పు’ అని. పాత సూట్‌కి తల మీద పారదర్శకమైన మూత, లోపల తీగలు, మినుకు మినుకుమనే లైట్లు కనిపిస్తాయి కదా. ఆయనకి కికైడర్ అంటే ఆ లైటు.

సగంఎరుపు_సగంనీలం:
మౌనిక గారూ, స్వాగతం. మీ పెద్దాయన మాట నాకు భలే నచ్చింది. లోపలి సామాను బయటికి కనిపించే హీరో. మిగతా హీరోలందరూ ముసుగు వేసుకుని దాక్కుంటే వీడు మారగానే తన లోపలిదంతా జనానికి చూపిస్తాడు. ఎరుపు ఒకవైపు, నీలం ఒకవైపు, రెండూ సరిగ్గా అతకవు. చూడటానికి అందంగా ఉండడు. జిరోకి కూడా తన ఆ రూపం మిత్సుకో చూస్తుందంటే సిగ్గు.

కొత్త డిజైన్‌లో ఎరుపు నీలం ఉన్నాయి. అయితే అది అతకని బొమ్మలా ఉండదు, ఫ్యాక్టరీలో నిపుణులు కూర్చుని చేసిన ఖరీదైన వస్తువులా ఉంటుంది. ‘వీడు సగంలో ఆగిపోయిన పని’ అని చూడగానే అనిపించదు.

వైజాగ్_వర్మ:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. ఒక్కరైనా సినిమా వైపు మాట్లాడతారేమో అని చూశాను. సుబ్బు గారు మొదలుపెట్టి నటుల పేర్లలోకి వెళ్ళిపోయారు. నేను మాట్లాడతాను.

పాత సీరియల్లో చెడు ఎక్కడుంది? గుహలో. చేతిలో ఫ్లూట్ పట్టుకున్న ముసలివాడి దగ్గర. వాడు పోతే చెడు పోయినట్టే. చివర్లో పోయాడు కూడా, కోమ్యోజి కుటుంబం హాయిగా స్విట్జర్లాండ్ విమానం ఎక్కింది. సినిమాలో చెడు ఎక్కడుంది? ప్రభుత్వ ప్రాజెక్టులో. ఆర్క్ ప్రాజెక్ట్ అని, మనుషులు చేయలేని పనులు ఆండ్రాయిడ్లతో చేయించి దేశం కష్టాలు తీర్చాలని మంచి మాటలతోనే మొదలుపెట్టారు. తర్వాత అది రక్షణ శాఖ చేతుల్లో ఆయుధమైపోతుంది. కోమ్యోజి పెట్టిన మనస్సాక్షి సర్క్యూట్‌ని గిల్బర్ట్ ఒక లోపంగా చూస్తాడు. కాల్చే ముందు తటపటాయించే సైనికుడు ఎవరికి కావాలి?

ఇది పాతదాంట్లో లేని ప్రశ్న. గుహలో ముసలివాణ్ణి ద్వేషించడం తేలిక. బడ్జెట్ పాసయిన ప్రాజెక్టుని ఎవరు ద్వేషిస్తారు? డ్రోన్లు మనుషుల్ని చంపే కాలంలో ఫ్లూట్ పెట్టి తీస్తే మీరే నవ్వేవాళ్ళు.

కామిక్స్_కామేశ్వరి:
వర్మ గారూ, ప్రశ్న మంచిదే. ఒప్పుకుంటాను. నా బాధ ఏంటంటే, ఆ ప్రశ్న గిల్బర్ట్ అడుగుతాడు, మిత్సుకో జవాబు చెబుతుంది. జిరో మధ్యలో నిలబడి వింటాడు. పాతదాంట్లో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. వాడి ఒళ్ళే ప్రశ్న.

ఆ ఫ్లూట్ సీన్ ఒకసారి నెమ్మదిగా గుర్తు చేసుకోండి. జిరో మనిషి రూపంలోనే ఉంటాడు, నీలం డెనిం జాకెట్. ఎక్కడినుంచో ఫ్లూట్ వినిపిస్తుంది, గిల్ కనిపించడు కూడా. ముందు జిరో నడక తడబడుతుంది. చేతులు చెవుల దగ్గరికి వెళ్తాయి. వెంటనే ఒక చెయ్యి భుజం స్విచ్ దగ్గరికి పోవాలని చూస్తుంది, చేరదు. గిల్ గొంతు డార్క్‌లోకి తిరిగి రమ్మంటుంది. ఆ మాట వినాలని వాడిలో సగానికి ఉంది. అది మొహంలో కనిపిస్తుంది, అదీ ఆ నటుడి గొప్ప. సరిగ్గా అప్పుడు ఏదో పెద్ద చప్పుడు వచ్చి ఫ్లూట్‌ని మింగేస్తుంది. చెయ్యి స్విచ్‌కి చేరుతుంది. గమనించండి, వాడు మనోబలంతో గెలవలేదు. చప్పుడు వచ్చింది, బతికిపోయాడు. వచ్చే వారం చప్పుడు రాకపోతే?

దూరదర్శన్_దాసు:
చప్పుడు వచ్చి బతికిపోవడం... నా ఉద్యోగం మొత్తం అంతే నడిచింది.

రేకుడబ్బా:
దాసు గారు ఇవాళ ఫామ్‌లో ఉన్నారు.

జెటిక్స్_బ్యాచ్:
మన రోబో సినిమాలో చిట్టితో పోలిస్తే? వాడికి మొదట ఎమోషన్స్ ఉండవు కదా. మంటల్లోంచి స్నానం చేస్తున్న అమ్మాయిని అలాగే ఎత్తుకొచ్చేస్తాడు, సిగ్గంటే ఏంటో తెలియదు, ఆ పిల్ల చచ్చిపోతుంది. తర్వాత బోరా రెడ్ చిప్ పెడితే పూర్తి విలన్. ఇద్దరూ ఒకటే కాదా?

వైజాగ్_వర్మ:
దగ్గరే గానీ ఒకటి కాదు. చిట్టిలో మంచి, చెడు వంతులవారీగా వస్తాయి. చిప్ లేనప్పుడు మంచివాడు, చిప్ పెట్టాక చెడ్డవాడు, తీశాక మళ్ళీ మంచివాడు. కోర్టులో వాడి మీద కేసు పెడితే తప్పు చిప్‌ది. కికైడర్‌లో రెండూ ఒకే సమయంలో, ఒకే ఒంట్లో ఉంటాయి. అందుకే రంగులు నిలువునా పక్కపక్కన.

కామిక్స్_కామేశ్వరి:
బ్రహ్మాండంగా చెప్పారు. దీన్నే ఇషినోమోరి బొమ్మల కథలో చివరిదాకా లాగాడు. టీవీలో వస్తున్న రోజుల్లోనే ఆయన ‘షోనెన్ సండే’ వారపత్రికలో అదే కథని వేరే దారిలో గీశాడు. అది మొదటి నుంచీ పినోకియో కథ మీద నడుస్తుంది.

కథ గుట్టు. చదవాలనుకునేవాళ్ళు కిందికి వెళ్ళిపోండి.

చివర్లో గిల్ హకైడర్ జిరోని, వాడి రోబో అన్నదమ్ములనీ పట్టుకుని ‘యెస్ సర్’ సర్క్యూట్ అనే విధేయత సర్క్యూట్ పెడతాడు. మిగతావాళ్ళు లొంగిపోతారు. జిరోలో మాత్రం మనస్సాక్షి, విధేయత రెండూ పక్కపక్కన పనిచేస్తాయి. దాంతో వాడికి కొత్తగా ఒకటి చేతనవుతుంది. లొంగినట్టు నటించడం. మోసం చేయడం. ఆ తెలివితో హకైడర్‌ని చంపుతాడు, తన అన్నదమ్ముల్నీ చంపుతాడు. మంచీ చెడూ రెండూ పూర్తిగా వచ్చాయి, మనిషితో సమానమయ్యాడు. పినోకియో మనిషయ్యాడు సరే, సుఖపడ్డాడా అని అడిగి కథ ముగుస్తుంది.

పిల్లల పత్రికలో, 1974లో. 2000లో వచ్చిన 13 ఎపిసోడ్ల యానిమేషన్ ఈ చీకటిని చాలావరకు పట్టుకుంది. 2014 సినిమా చేతిలో ఇంత సరుకు ఉంచుకుని ఆ వైపు వెళ్ళలేదు. నా కోపం ఇక్కడే.

గుట్టు అయిపోయింది.

సైడ్‌కార్_సుబ్బు:
వేసవి సెలవుల ముందు పిల్లల్ని తీసుకుని థియేటర్‌కొచ్చే తండ్రికి ఆ ముగింపు చూపించి పంపమంటారా? తోయే వాళ్ళకి బొమ్మలు కూడా అమ్ముడుపోవాలండీ.

ఒక మాట నిజాయితీగా. పాత సీరియల్ నాకు ఇష్టం ఎందుకంటే ఆ పసుపు సైడ్‌కార్ బండి. కవాసాకి మీద కట్టింది. రాళ్ళ గుట్టల్లో, క్వారీల్లో దాన్ని తోలిన తీరు చూడండి, పక్క చక్రం గాల్లోకి లేస్తుంది, దిగుతుంది. హకైడర్ మనిషి రూపం సబురో తోలే తెల్ల బండీ కవాసాకియే. మనస్సాక్షి గొడవ మీరు చూసుకోండి, నేను బండి చూసుకుంటాను.

వీణ_వాణి:
సంగీతం గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? పాత సీరియల్‌కి ఛుమెయి వతనబె. అదే ఏడాది చివర్లో మాజింగర్ జెడ్ అనే రోబో యానిమేషన్‌కి కూడా ఆయనే. 2022లో 96 ఏళ్ళకి పోయారు, దాదాపు చివరి దాకా పనిచేస్తూనే ఉన్నారు. ఆయనకి ఐదు స్వరాల మైనర్ స్కేల్ అంటే ప్రాణం. మన లెక్కలో శుద్ధ ధన్యాసి స్వరాలే. అందుకే ఆ పాటలు మనకి మొదటిసారి విన్నా కొత్తగా అనిపించవు, చెవి వెంటనే పట్టేసుకుంటుంది. బ్రాస్ వాయిద్యాలు కింద నుంచి తోస్తుంటే పైన గొంతు అరిచినట్టు పాడుతుంది. ఆ పాత పాటకే కొత్త హంగులద్ది సినిమాకి వాడారు. అది వినగానే నాకు సినిమా మీద సగం కోపం పోయింది.

మౌనిక_హోనలులు:
ఆ పాట మొదలైతే ఇక్కడ జనం లేచి నిలబడి పాడతారు వాణి గారూ! మాటలకి అర్థం సగం మందికి తెలియదు.

రేకుడబ్బా:
సీరియస్‌గా ఒక పోస్టు రాస్తాను, అలవాటు లేదు, ఓపిక పట్టండి.

పాత సీరియల్ని సినిమా చేయడానికి ఇంకో దారి ఉంది. నొబోరు ఇగుచి తీసిన జబోర్గర్ చూడండి, 2011లో విడుదలైంది. అసలు సీరియల్ 1974, 75లలో వచ్చింది, 52 ఎపిసోడ్లు. మోటార్‌బైక్ రోబోగా మారుతుంది, దాని తల తెరుచుకుని బుల్లి హెలికాప్టర్ ఎగురుతుంది. ఇగుచి ఆ తిక్క ఏదీ తీసెయ్యలేదు. హెలికాప్టర్ అలాగే ఉంచాడు. మొదటి సగం కుర్ర హీరో, ఆవేశం, కరాటే. రెండో సగం పాతికేళ్ళ తర్వాత. అదే హీరో ఇప్పుడు షుగర్ పేషెంటు, ఉద్యోగం పోయింది, ఎవడూ పట్టించుకోడు. ఇత్సుజి ఇతావో వేశాడు. పడీ పడీ నవ్వాను. ఆ ముసలి హీరో మళ్ళీ తన బండి దగ్గరికి వెళ్ళే సీన్‌లో నవ్వు ఆగిపోయింది.

రీబూట్ వాళ్ళకి పాతదాని తిక్క అంటే భయం. నారింజ చీమ ఉంటే నవ్వుతారని తీసేశారు, ఫ్లూట్ ఉంటే నవ్వుతారని పక్కన పెట్టారు. మర్యాదస్తులైపోయారు. సగంఎరుపు గారు వెతుకుతున్న ఆ నొప్పి కూడా ఆ తిక్క సామానులోనే కలిసి ఉంది. చెత్తబుట్టలో రెండూ పోయాయి.

వైజాగ్_వర్మ:
రేకుడబ్బాలో ఇంత సరుకుందా!

సగంఎరుపు_సగంనీలం:
రేకుడబ్బా గారూ, ఈ పోస్టు దాచుకుంటున్నాను. ఒక్క చోట మాత్రం ఒప్పుకోను. మర్యాదస్తులైనా జింగి ఇరియేకి అన్యాయం చేయకండి. మొదట్లో మసారుతో, మిత్సుకోతో కలిసి నడిచేటప్పుడు ఆ కుర్రాడు మనుషుల్ని చూసే చూపు ఒకటుంది. నవ్వాలా వద్దా అని ఒక అర సెకను ఆలస్యంగా మొహం కదులుతుంది. మనస్సాక్షి అరకొరగా ఉండటం అంటే ఏంటో స్క్రిప్టులో తక్కువైంది, అది అతని మొహంలో ఉంది. ఆ సీన్లు ఇంకో ఇరవై నిమిషాలు పెంచి, ఫైట్లు అంత మేరకు తగ్గించి ఉంటే ఈ దారం నేను మొదలుపెట్టే పనే ఉండేది కాదు.

కామిక్స్_కామేశ్వరి:
దీనికి మాత్రం సై. కుర్రాడు బాగా చేశాడు.

జెటిక్స్_బ్యాచ్:
సరే, ఓడిపోయాను. పాతది మళ్ళీ మొదలుపెడతాను. ఎక్కడి నుంచి చూడమంటారు? 43 ఎపిసోడ్లు ఒకేసారి అంటే నా వల్ల కాదు.

సైడ్‌కార్_సుబ్బు:
ఒకటి చూడు, కథ అర్థమవడానికి. తర్వాత నేరుగా 37 నుంచి చివరి దాకా.

కామిక్స్_కామేశ్వరి:
వద్దు తమ్ముడూ, సుబ్బు గారి మాట వినకు. మధ్యలో కనీసం ఓ పదైనా చూడు. వారం వారం ఫ్లూట్‌కి వాడు పడిపోవడం చూసి చూసి నీకు విసుగు రావాలి. ఆ విసుగు లేకుండా 37కి వెళ్తే హకైడర్ ఊరికే నల్ల సూట్ వేసుకున్నవాడు.

రేకుడబ్బా:
విసుగు కోసం చూడమని సిఫారసు చేసిన మొదటి అభిమాని మీరే మేడమ్.

నిర్వాహకుడు:
మొదటి ఎపిసోడ్ మీద విడిగా దారం తెరుస్తున్నాను. శనివారం రాత్రి ఎనిమిదికి, ఎవరి ఊళ్ళో ఎనిమిదైతే అప్పుడు చూసి రాయండి. మౌనిక గారూ, మీకు మేం రాసేసరికి అక్కడ ఇంకా తెల్లారి ఉండదు, గుట్టులు చదవకండి.

మౌనిక_హోనలులు:
నాకు గుట్టేముంది, మా పెద్దాయన ఎప్పుడో అన్నీ చెప్పేశాడు. బూడిద ఖడ్గమృగం పోతుంది.